సీఎస్‌ఆర్ ఫొటో చూసి కంపెనీని నమ్మొచ్చా?

క్యాంపస్‌కి వచ్చే కంపెనీ మొక్కలు నాటిన ఫొటోలు చూపిస్తే వెంటనే మురిసిపోకండి. 2013 కంపెనీల చట్టం 135వ సెక్షన్ ప్రకారం పెద్ద కంపెనీలు గత మూడేళ్ల సగటు నికర లాభంలో 2 శాతం సామాజిక బాధ్యతకి ఖర్చు పెట్టాలి. లాభం ముందు, ఖర్చు తర్వాత. కాబట్టి 'సీఎస్‌ఆర్ వల్లే లాభాలు' అని ఎవరైనా అంటే కాస్త ఆగి ఆలోచించండి.

సత్యం కథ మన గోదావరి జిల్లాలకి కొత్త కాదు. రామలింగరాజు కుటుంబ ఫౌండేషన్ పల్లెల్లో మంచినీటి ప్లాంట్లు పెట్టింది. 2005లో 108 అంబులెన్సులు మొదలయ్యాయి. 2008లో కంపెనీకి గవర్నెన్స్ అవార్డు కూడా వచ్చింది. 2009 జనవరి 7న, లెక్కల్లో చూపిన నగదు, బ్యాంకు నిల్వల్లో 5,040 కోట్లు లేనే లేవని ఆయన లేఖ బయటపెట్టింది. షేరు ఒక్కరోజులో 70 శాతానికి పైగా పడిపోయింది. 108 మాత్రం ఇప్పటికీ తిరుగుతోంది!

అలాగని అంతా షో కాదు. మన కాకినాడ ఎగుమతిదారులనే అడగండి. రొయ్యల్లో యాంటీబయాటిక్ అవశేషాలు దొరికితే యూరప్ నుంచి కంటైనర్ వెనక్కే. అక్కడ చెరువు దగ్గర జాగ్రత్త అంటే నేరుగా డబ్బే.

ఇంటర్వ్యూకి వెళ్లేముందు ఆ కంపెనీ బీఆర్‌ఎస్‌ఆర్ నివేదిక తిరగేయండి. 2022-23 నుంచి టాప్ 1000 లిస్టెడ్ కంపెనీలకి సెబీ దాన్ని తప్పనిసరి చేసింది. ఫొటోలు వదిలేసి నీళ్ల వాడకం, పని ప్రమాదాలు, ఏటా ఎంతమంది మానేస్తున్నారో చూడండి. పక్కనే క్యాష్ ఫ్లో కూడా.