వాగు రంగు మారితే ఒడ్డెక్కండి

వానలు పడగానే రాయికల్ చుట్టుపక్కల కుర్రాళ్లంతా జలపాతాల బాట పడతారు. వెళ్లండి, కాదనను. కానీ ఎండ కాస్తోందని ధీమాగా ఉండకండి. ఎగువన గుట్టల మీద వాన పడితే చాలు, మీరున్న చోట వాగు ఉన్నట్టుండి పొంగుతుంది. 2023 జులైలో ములుగు జిల్లా ముత్యంధార జలపాతానికి వెళ్లిన దాదాపు 80 మంది ఇలాగే అడవిలో చిక్కుకుపోయారు. ఎన్డీఆర్ఎఫ్ సిబ్బంది వెళ్లి బయటికి తెచ్చారు.

కయాక్ పడవలతో జలపాతాలు దూకే సాహసికులు సైతం ముందు మట్టం చూశాకే దిగుతారు. మీరూ నీటి అంచున ఒక రాయిని గుర్తు పెట్టుకోండి. అది మునిగినా, తేట నీరు ఎర్రబడినా, ఆకులూ పుల్లలూ కొట్టుకొచ్చినా, హోరు పెరిగినా వెంటనే ఎత్తయిన ఒడ్డుకు చేరండి. సెల్ఫీ సంగతి తర్వాత! మోకాలి లోతే కదా అనుకోవద్దు. నీటి వేగం రెట్టింపయితే తోపు నాలుగింతలవుతుంది. బోర్నపల్లి దగ్గర గోదావరిలో దిగేవారు శ్రీరాంసాగర్ గేట్లు ఎత్తారేమో ముందే కనుక్కోవాలి. అక్కడ వాన లేకున్నా వరద వస్తుంది.

ఎవరైనా కొట్టుకుపోతుంటే వెంట దూకకండి. తాడో, చీరో విసరండి. బయటికి తీశాక పొట్ట నొక్కి నీళ్లు కక్కించడం ఇప్పటికీ చూస్తున్నాను. అది వద్దు. ఊపిరి ఆడకపోతే ముందు ముక్కు మూసి, నోట్లోకి 5 సార్లు గాలి ఊదండి. తర్వాత ఛాతీ మధ్యలో 30 సార్లు నొక్కి, 2 సార్లు ఊదుతూ 108 వచ్చేదాకా ఆపకండి.