గోడమీది మీటరు ఏం చెబుతోంది?

కరెంటు బిల్లు నెలనెలా మీ ఇంటికి వస్తూనే ఉంటుంది. అందులో 'వాడిన యూనిట్లు' అని ఒక అంకె ఉంటుంది. పెద్దవాళ్లు దాన్ని చూస్తారు. "అబ్బో, ఈసారి ఎక్కువైందే!" అనుకుంటారు. డబ్బు కట్టేస్తారు, మరిచిపోతారు. అసలు యూనిట్ అంటే ఏమిటి? అది ఎంత శక్తి? ఎక్కడినుంచి వచ్చింది? మన ఇంట్లో ఏ గదిలో, ఏ పనికి ఖర్చయింది? ఈ ప్రశ్నలకు జవాబు చెప్పగలిగినవారు ఇంట్లో ఒక్కరున్నా చాలు, ఆ అంకె తగ్గే దారి కనిపిస్తుంది. ఆ ఒక్కరు మీరే ఎందుకు కాకూడదు?

యూనిట్ బలం ఎంత?

వెయ్యి వాట్ల పరికరం ఒక గంటసేపు పనిచేస్తే ఖర్చయ్యే శక్తిని ఒక యూనిట్ అంటారు. దీనికే కిలోవాట్-గంట అని పేరు. మీ పాఠ్యపుస్తకం భాషలో చెప్పాలంటే 36 లక్షల జౌళ్లు.

ఇంత పెద్ద అంకె చెబితే మనసుకు పట్టదు. అందుకని ఒక బరువు ఎత్తి చూద్దాం. ఒక కిలో బరువును ఒక మీటరు పైకి ఎత్తడానికి సుమారు 9.8 జౌళ్ల శక్తి కావాలి. ఈ లెక్కన ఒక్క యూనిట్ శక్తితో వెయ్యి కిలోల బరువును 367 మీటర్ల ఎత్తుకు చేర్చవచ్చు! చార్మినార్ ఎత్తు సుమారు 56 మీటర్లు. ఆరు చార్మినార్లను ఒకదానిమీద ఒకటి నిలబెట్టినా, వాటి శిఖరం దాటించి పది క్వింటాళ్ల ధాన్యాన్ని పైకి చేర్చగల శక్తి అన్నమాట.

ఇంకోలా చూడండి. మీ బరువు 50 కిలోలు అనుకుందాం. మూడు మీటర్ల అంతస్తు ఒకటి ఎక్కితే మీరు చేసిన పని 1,470 జౌళ్లు. ఒక యూనిట్‌కు సరిపడా పని చేయాలంటే 2,400కు పైగా అంతస్తులు ఎక్కాలి. ఎవరూ లేని గదిలో ఒక పగలంతా ఫంకా తిరిగితే దాదాపు ఒక యూనిట్ ఖర్చవుతుంది. ఆ ఫంకాను ఆపడానికి మాత్రం ఒక వేలు చాలు.

నూరు పాళ్లలో మిగిలేది ఎన్ని?

మన దేశంలో విద్యుత్తులో అధిక భాగం ఇప్పటికీ బొగ్గునుంచే వస్తోంది. 1871లో భూగర్భ సర్వేక్షణ సంస్థకు చెందిన డాక్టర్ కింగ్ ఇల్లెందు ప్రాంతంలో బొగ్గును కనుగొన్నాడు. అలా వెలుగులోకి వచ్చినవే సింగరేణి గనులు. అక్కడి బొగ్గు నిన్న మొన్నటిది కాదు. 25 కోట్ల సంవత్సరాలకు పూర్వం పెరిగిన అడవులు, పూడిపోయి, వేడికీ ఒత్తిడికీ నలిగి బొగ్గుగా మారాయి. అంటే ఆనాటి ఎండను ఈనాడు మనం కాల్చుకుంటున్నామన్నమాట. మళ్లీ అంత బొగ్గు తయారయ్యేదాకా ఆగడం మనవల్ల అయ్యే పని కాదు.

ఆ బొగ్గు రామగుండంలోనో కొత్తగూడెంలోనో కాలుతుంది. ఆ వేడికి నీరు ఆవిరవుతుంది. ఆవిరి టర్బైన్‌ను తిప్పుతుంది. టర్బైన్ జనరేటర్‌ను తిప్పుతుంది. ఇక్కడే పెద్ద నష్టం ఉంది. బొగ్గులోని శక్తి నూరు పాళ్లు అనుకుంటే, విద్యుత్తుగా మారేది సుమారు మూడో వంతు మాత్రమే. మిగతా రెండు వంతులు వేడిగా గాలిలోనూ నీటిలోనూ కలిసిపోతాయి. ఇది ఇంజనీర్ల చేతకానితనం కాదు. వేడిని పూర్తిగా పనిగా మార్చడం ఏ యంత్రానికీ సాధ్యం కాదని ఉష్ణగతిక శాస్త్రం చెబుతోంది. తరవాత తీగల్లో, ట్రాన్స్‌ఫార్మర్లలో మరికొంత పోతుంది. మీ ఇల్లు చేరేసరికి మిగిలేది 30 పాళ్లకు అటూ ఇటూ.

ఆ 30 పాళ్లతో పాతకాలపు తీగ బల్బు వెలిగించారనుకోండి. అందులో వెలుగుగా మారేది నూటికి అయిదు వంతులే, మిగిలినదంతా వేడి. లెక్క వేస్తే గనిలోని నూరు పాళ్లలో మన పుస్తకంమీద పడిన వెలుగు కేవలం ఒకటిన్నర పాలు!

ఈ లెక్కను తిరగేసి చూస్తే ఒక మంచి సంగతి బయటపడుతుంది. ఇంట్లో ఒక పాలు శక్తి ఆదా చేస్తే గనిలో మూడు పాళ్లకు పైగా మిగిలినట్టే. బొగ్గు కేంద్రంలో ఒక యూనిట్ తయారీకి రమారమి 700 గ్రాముల బొగ్గు కావాలి. నెలకు వంద యూనిట్లు వాడే ఇల్లు 70 కిలోల బొగ్గు, అంటే ఒక నిండు బస్తా, కాలుస్తోందన్నమాట. పొయ్యి మన కంటికి కనబడదు, అంతే తేడా.

దీపం, ఫంకా

తీగ బల్బు 60 వాట్లతో ఇచ్చే వెలుగును ఎల్‌ఇడి బల్బు 9 వాట్లతో ఇస్తుంది. రోజుకు అయిదు గంటల చొప్పున నెలకు మొదటిది 9 యూనిట్లు తింటే, రెండవది ఒకటిన్నర యూనిట్ కూడా తినదు. 2015లో ప్రారంభమైన ఉజాలా పథకం కింద దేశంలో 36 కోట్లకు పైగా ఎల్‌ఇడి బల్బులు పంచారు. అయితే చవగ్గా వెలుగుతోంది గదా అని రాత్రంతా వదిలేస్తే ఆ లాభం కొంత కరిగిపోతుంది. మంచి పరికరం సగం పని చేస్తుంది. మిగతా సగం మన అలవాటు చేయాలి.

ఇక ఫంకా. "గదిలో ఫంకా వేసి ఉంచు, వచ్చేసరికి చల్లబడుతుంది" అంటారు కొందరు. నిజంగా చల్లబడుతుందా? మీరే పరీక్షించండి. ఒక ఉష్ణమాపకాన్ని తిరిగే ఫంకా కింద పది నిమిషాలు ఉంచండి. పాదరసం కిందికి దిగదు. ఇప్పుడు దాని బుడ్డికి తడి దూది చుట్టి మళ్లీ పెట్టండి. ఈసారి గబగబా దిగుతుంది! ఫంకా గాలిని చల్లబరచదు, తడిని ఆరబెడుతుంది. మన ఒంటిమీది చెమట ఆవిరవుతూ ఒంటినుంచి వేడిని తీసుకుపోతుంది. అందుకే మనకు హాయిగా ఉంటుంది. మనిషే లేని గదిలో చెమట ఎక్కడిది? అక్కడ ఫంకా చేసేదల్లా తన మోటారు వేడితో గదిని మరికాస్త వెచ్చబరచడమే.

మామూలు ఫంకా పూర్తి వేగంతో తిరిగితే 75 వాట్ల వరకూ తీసుకుంటుంది. బ్రష్‌లు లేని కొత్తరకం మోటారు ఉన్నవి 30 వాట్లతోనే అంత గాలి ఇస్తాయి. పాతకాలపు పెద్ద రెగ్యులేటర్‌ను తాకి చూస్తే వెచ్చగా ఉంటుంది. వేగం తగ్గించినపుడు మిగలవలసిన శక్తిలో కొంత అక్కడే వేడిగా పోతోందని దాని అర్థం. ఎలక్ట్రానిక్ రెగ్యులేటర్‌లో ఈ నష్టం చాలా తక్కువ.

చల్లని పెట్టె వెనుక వేడి

ఫ్రిజ్ వెనక్కిగాని పక్కకుగాని చెయ్యి చాపి చూడండి, వెచ్చగా తగులుతుంది. ఫ్రిజ్ చల్లదనాన్ని తయారుచేయదు. లోపలి వేడిని తోడి బయట పోస్తుంది, బావిలో నీళ్లు తోడినట్టు. దాన్ని గోడకు ఆనించి పెడితే ఆ వేడి పోవడానికి దారి ఉండదు. వేడి సాంబారు గిన్నె లోపల పెడితే తోడవలసిన వేడి పెరుగుతుంది. అందుకని చల్లారాకే పెట్టాలి.

తలుపు సరిగా మూసుకుంటోందో లేదో తెలుసుకోవాలా? ఒక కాగితాన్ని తలుపు సందులో ఉంచి మూయండి. లాగితే తేలిగ్గా జారివచ్చిందంటే రబ్బరు పట్టీ అరిగిపోయిందన్నమాట. లోపలి చల్లదనం రాత్రింబవళ్లు ఆ సందులోంచి కారిపోతూనే ఉంటుంది.

అన్నట్టు, వేసవిలో మంచినీళ్లకు మన మట్టికుండ ఉండనే ఉంది. దాని సన్నని రంధ్రాలలోంచి నీరు చెమర్చి ఆవిరవుతుంది. ఆ ఆవిరి కుండలోని నీటి వేడినే పట్టుకుపోతుంది. తడి దూదితో మీరు చేసిన ప్రయోగమే ఇదీను. దీనికి మీటరు తిరగదు.

ఎసరు ఎగిరిపడితే అన్నం త్వరగా ఉడుకుతుందా?

ఉడకదు. మూత లేని గిన్నెలో నీరు సుమారు 100 డిగ్రీల దగ్గర మరుగుతుంది. ఆ తరవాత మంట ఎంత పెంచినా నీటి ఉష్ణోగ్రత పెరగదు, ఆవిరి మాత్రం పెరుగుతుంది. 30 డిగ్రీల లీటరు నీటిని మరిగే స్థితికి తేవడానికి 294 కిలోజౌళ్లు చాలు. అదే లీటరు నీటిని పూర్తిగా ఆవిరి చేయడానికి సుమారు 2,260 కిలోజౌళ్లు కావాలి, అంటే ఏడు రెట్లకు పైగా! కాబట్టి ఎసరు మరగగానే మంట తగ్గించి మూత పెట్టడం తెలివైన పని.

ప్రెషర్ కుక్కర్‌లో ఆవిరి బయటకు పోలేక ఒత్తిడి పెరుగుతుంది. ఒత్తిడి పెరిగితే నీరు మరిగే ఉష్ణోగ్రత సుమారు 120 డిగ్రీలదాకా పోతుంది. అందుకే పప్పు త్వరగా మెత్తబడుతుంది. ఈ సూత్రంతో డెనీ పాపిన్ అనే శాస్త్రజ్ఞుడు 1679లోనే ఒక పాత్ర తయారుచేశాడు. మన వంటింటి కుక్కర్‌కు అదే తాత. పప్పును ముందుగా నానబెడితే ఇంకా మేలు.

ఏది కొండ, ఏది ఆవగింజ?

పొదుపు చేసేవారికి కొలత తెలియాలి. ఫోను తీసేశాక ఛార్జరును స్విచ్ ఆపకుండా వదిలేశారనుకుందాం. అది అర వాట్ తీసుకుంటుందనుకున్నా (చాలా ఛార్జర్లు అంతకూడా తీసుకోవు) నెలంతా కలిపి 0.36 యూనిట్. మరి ఒక్క బకెట్ స్నానపు నీళ్ల సంగతి? 15 లీటర్లను 25 నుంచి 45 డిగ్రీలకు వేడిచేయడానికి 0.35 యూనిట్ కావాలి. చూశారా! ఛార్జరు నెల్లాళ్లు కాజేసేదీ, ఒక బకెట్ వేణ్నీళ్లు తీసుకునేదీ సమానం. ఛార్జరు ఆపడం మంచిదే. కాని అది ఆపేశాం గదా అని గీజరును గంటసేపు మరిచిపోతే ఆవగింజను ఏరి కొండను వదిలేసినట్టవుతుంది.

వేడిచేసేవీ, గదిని చల్లబరిచేవీ ఇంట్లో పెద్ద ఖర్చుదారులు. ఎయిర్ కండిషనర్ ఉన్న ఇళ్లలో ఉష్ణోగ్రతను ఒక్క డిగ్రీ పెంచితే దాని వాడకం నూటికి ఆరు వంతులు తగ్గుతుందని కేంద్ర ఇంధన సామర్థ్య సంస్థ లెక్క కట్టింది. 18కి బదులు 24 దగ్గర పెట్టి చూడండి.

మీటరు కన్నుకొడుతోంది

ఎలక్ట్రానిక్ మీటరుమీద ఒక చిన్న ఎర్రదీపం మిణుకుమంటూ ఉంటుంది. ఒక యూనిట్‌కు అది ఎన్నిసార్లు మిణుకుతుందో మీటరుమీదే రాసి ఉంటుంది. చాలా మీటర్లలో అది 3,200. మీ మీటరుమీద అంకె వేరైతే ఆ అంకెతో లెక్క వేసుకోండి. మీటరునుగాని తీగలనుగాని ముట్టుకోకూడదు. దూరంనుంచి చూస్తే చాలు.

3,200 ఉన్న మీటరులో నిమిషానికి ఒక మిణుకు అంటే 18.75 వాట్లు. నాలుగు మిణుకులైతే 75 వాట్లు, అంటే ఒక ఫంకా. ఇంట్లో ఒక్కొక్క పరికరమే వేసి లెక్కపెట్టండి. ఏది ఎంత తింటోందో తేలిపోతుంది.

తరవాత పెద్దవాళ్లను అడిగి, ఫ్రిజ్‌తో సహా అన్నిటినీ ఆపి చూడండి. దీపం అప్పటికీ రెండు నిమిషాలకోసారి మిణికిందనుకోండి, ఎక్కడో 9 వాట్లు ఖర్చవుతున్నాయి. రిమోట్‌తో మాత్రమే ఆపిన టీవీయో, దాని పక్కనున్న సెట్‌టాప్ బాక్సో నిద్రలో కూడా తింటోందన్నమాట. నెలకు అది ఆరేడు యూనిట్లు. గోడమీది స్విచ్ ఆపితే దాని ఆకలి తీరిపోతుంది.

ఒక ఊరు చేసి చూపింది

"ఇళ్లలో చిన్న చిన్న అలవాట్లు మార్చుకుంటే ఏం ఒరుగుతుంది?" అని ఎవరైనా అడిగితే జూనో నగరం కథ చెప్పండి. అది అమెరికాలోని అలాస్కా రాష్ట్రానికి రాజధాని. జనాభా సుమారు 30 వేలు. బయటి ఊళ్లనుంచి అక్కడికి రోడ్డు కూడా లేదు. దూరానున్న జలవిద్యుత్ కేంద్రంనుంచి కొండల మీదుగా కరెంటు వచ్చేది. 2008 ఏప్రిల్ 16న మంచుచరియలు విరిగిపడి ఆ లైను స్తంభాలు కూలిపోయాయి. డీజిల్ జనరేటర్లే దిక్కయ్యాయి. యూనిట్ ధర సుమారు అయిదు రెట్లయింది.

అప్పుడు జనం ఏం చేశారు? అవసరం లేని దీపాలు ఆపేశారు. బట్టలారబెట్టే యంత్రాలు మాని దండేలమీద ఆరవేశారు. గదుల వేడి తగ్గించి స్వెట్టర్లు తొడుక్కున్నారు. కొద్ది వారాల్లోనే నగరం వాడకం సుమారు మూడోవంతు తగ్గిపోయింది! బడులు నడిచాయి, దుకాణాలు నడిచాయి, ఎవరూ చీకట్లో మగ్గలేదు. అంతకన్నా విశేషం ఇంకొకటుంది. లైను బాగుపడి ధర మామూలైన తరవాత కూడా వాడకం పూర్వపు స్థాయికి చేరలేదు. కొన్ని అలవాట్లు అలాగే నిలిచిపోయాయి.

జూనోవారిని మంచుచరియలు మేల్కొల్పాయి. మనం అంతదాకా ఆగనక్కరలేదు. ఒక నోటు పుస్తకం తీసుకోండి. ప్రతి ఆదివారం ఉదయం ఒకే వేళకు మీటరు అంకె రాయండి. ముందు వారం అంకెను అందులోంచి తీసివేయండి. మొదటి వారం ఏమీ మార్చకండి, ఊరికే రాయండి. రెండో వారంనుంచి ఇంట్లో అందరితో మాట్లాడి ఒక్కొక్క అలవాటే మార్చి చూడండి. అమ్మమ్మకు చీకట్లో మెట్లు దిగడం కష్టమైతే ఆ దీపం వెలగనివ్వండి. పొదుపంటే ఇబ్బంది పడడం కాదు, వృథాను వెతికి పట్టుకోవడం. నాలుగు వారాల అంకెలు పక్కపక్కన రాసి ఇంట్లో అందరికీ కనబడేలా గోడకు అతికించండి.

మొదటి అంకె వచ్చే ఆదివారమే రాయండి.