పరికల్పన పరీక్షలో జడ్ విలువ, సందిగ్ధ విలువ: పంట కోత ప్రయోగం ఆధారంగా ఒక వివరణ

స్నాతకోత్తర విద్యార్థుల సిద్ధాంత గ్రంథాలపై జరిగే మౌఖిక పరీక్షలలో నేను తరచుగా ఒక చిన్న ప్రశ్న వేస్తూ ఉంటాను: "మీ పట్టికలో ఈ తేడా సార్థకమని వ్రాశారు. ఎందుకు సార్థకం?" "జడ్ విలువ 1.96 కంటే ఎక్కువ వచ్చింది కనుక" అన్న సమాధానం వెంటనే వస్తుంది. "ఆ 1.96 ఎక్కడి నుంచి వచ్చింది?" అని అడిగితే మాత్రం "పట్టికలో ఉన్నది" అన్నదే చాలామంది సమాధానం. గణనలో వారు పొరబడరు. ఆ గణన ఏ ప్రశ్నకు జవాబు చెబుతున్నదో గ్రహించకపోవడమే లోపం. ఇది తరగతి గదికి పరిమితమైన లోపమైతే ఇబ్బంది లేదు. కానీ అదే విద్యార్థి రేపు విస్తరణ శాస్త్రవేత్తగా ఒక పద్ధతిని సిఫారసు చేసినప్పుడు, ఆ సిఫారసు ఖర్చును భరించేది రైతు. కనుక ఈ పరీక్ష వెనుక ఉన్న ఆలోచనను ఒక క్షేత్ర ఉదాహరణ ద్వారా వివరించడం ఈ వ్యాస ఉద్దేశం.

వ్యవసాయంతో ఉన్న అనుబంధం

పరికల్పన పరీక్షలు వ్యవసాయ శాస్త్రానికి బయటి నుంచి వచ్చిన విద్య కావు. 1908లో "స్టూడెంట్" అన్న కలం పేరుతో టి-పరీక్షకు పునాది వేసిన విలియం గాసెట్, డబ్లిన్‌లోని గిన్నిస్ బీరు కర్మాగారంలో బార్లీ నాణ్యతను పరిశీలించిన ఉద్యోగి. 1919లో ఇంగ్లండులోని రోథమ్‌స్టెడ్ వ్యవసాయ ప్రయోగ కేంద్రంలో చేరిన ఆర్.ఎ. ఫిషర్, అక్కడి దీర్ఘకాలిక ఎరువుల ప్రయోగాల దత్తాంశాలను విశ్లేషిస్తూ, 1925లో పరిశోధకుల కొరకు గణాంక పద్ధతుల గ్రంథాన్ని వెలువరించాడు. 5 శాతం సార్థకతా స్థాయి వాడుకలో స్థిరపడటానికి ఆ గ్రంథమే ప్రధాన కారణం. "శూన్య పరికల్పన" అన్న పదం 1935 నాటి ఆయన ప్రయోగ రచన గ్రంథంతో ప్రచారంలోకి వచ్చింది. ప్రత్యామ్నాయ పరికల్పనను, రెండు రకాల దోషాలను క్రమబద్ధం చేసినవారు జెర్జీ నేమన్, ఎగాన్ పియర్సన్. వారి ప్రసిద్ధ పత్రం 1933 నాటిది. మన దేశంలో యాదృచ్ఛిక నమూనాల ద్వారా పంట దిగుబడుల అంచనాకు శాస్త్రీయ రూపమిచ్చినవారిలో పి.సి. మహలనోబిస్, పి.వి. సుఖాత్మే ముఖ్యులు.

ఉదాహరణ

వివరణ కొరకు ఊహించిన అంకెలతో ఒక సందర్భాన్ని తీసుకొందాం. ఒక ప్రాంతంలో నాట్లు వేసిన వరిపై అనేక సంవత్సరాలుగా పంట కోత ప్రయోగాలు జరిగాయి. 5 మీటర్ల పొడవు, 5 మీటర్ల వెడల్పు గల గడిలో, తేమ సవరించిన తరువాత, ధాన్యం సగటు బరువు 13 కిలోలు, ప్రామాణిక విచలనం 1.5 కిలోలు. ఆ గడి హెక్టారులో 400వ వంతు కనుక, ఇది హెక్టారుకు 5,200 కిలోలకు, అనగా ఎకరానికి 75 కిలోల బస్తాలు సుమారు 28కి సమానం.

నాట్లకు ముందు జీలుగను పచ్చిరొట్టగా కలియదున్నిన పొలాలలో యాదృచ్ఛికంగా 36 పొలాలను ఎంచుకొని, ఒక్కొక్క పొలంలో ఒక గడి కోసి తూచాము. సగటు 13.45 కిలోలు వచ్చింది. తేడా 450 గ్రాములు, అనగా హెక్టారుకు 180 కిలోలు, ఎకరానికి దాదాపు ఒక బస్తా. ఇది జీలుగ ప్రభావమా, లేక ఈ 36 గడులు అనుకోకుండా కొంత మంచి చోట పడటమా? పరీక్ష ఈ ప్రశ్నకే సంబంధించినది.

శూన్య పరికల్పన ఒక వాదన కాదు, ఒక కొలబద్ద

జీలుగ వేసిన పొలాల నిజమైన సగటు కూడా 13 కిలోలే అన్నది శూన్య పరికల్పన. 13 కిలోలకు సమానం కాదు అన్నది ప్రత్యామ్నాయ పరికల్పన. శూన్య పరికల్పనను మనం నమ్మి ప్రతిపాదించడం లేదు. అది నిజమని కొంతసేపు అంగీకరించి, అటువంటప్పుడు మనకు వచ్చిన ఫలితం ఎంత అరుదైనదో లెక్కిస్తాము. మిక్కిలి అరుదైనదైతే ఆ అంగీకారాన్ని విడిచిపెడతాము. అరుదు కాకపోతే, దానిని విడిచిపెట్టడానికి తగిన ఆధారం దొరకలేదని మాత్రమే చెబుతాము. "తగిన ఆధారం దొరకలేదు" అనడానికి, "ప్రభావం లేదని రుజువైంది" అనడానికి చాలా అంతరం ఉన్నది.

జడ్ విలువ

ఒక్కొక్క గడి బరువు సగటు నుంచి 1.5 కిలోల మేర అటూ ఇటూ కదలడం సహజం. అయితే 36 గడుల సగటు అంతగా కదలదు. ఒక గడిలోని ఎక్కువను మరొక గడిలోని తక్కువ సరిచేస్తుంది. సగటు ఎంత కదలగలదో తెలిపే కొలత ప్రామాణిక దోషం. ప్రామాణిక విచలనాన్ని నమూనా పరిమాణపు వర్గమూలంతో భాగిస్తే అది లభిస్తుంది. ఇక్కడ 1.5ను 6తో భాగించగా 0.25 కిలో వస్తుంది.

గమనించిన తేడా 0.45ను ఈ 0.25తో భాగిస్తే 1.80 వస్తుంది. ఇదే జడ్ విలువ. అనగా, మన నమూనా సగటు శూన్య పరికల్పన చెప్పిన చోటు నుంచి 1.80 ప్రామాణిక దోషాల దూరంలో ఉన్నది. కిలోలు, క్వింటాళ్లు వంటి ప్రమాణాలు ఇక్కడ అదృశ్యమవుతాయి. పంట ఏదైనా, కొలత ఏదైనా, దూరాన్ని ఒకే కొలబద్దతో కొలవగలగడమే జడ్ విలువ ప్రయోజనం.

సందిగ్ధ విలువ

శూన్య పరికల్పన నిజమైతే, ఇటువంటి నమూనాలను అనేకసార్లు తీసినప్పుడు జడ్ విలువలు సున్న చుట్టూ నార్మల్ విభాజనంలో అమరుతాయి. ఒక్కొక్క గడి బరువు నార్మల్ విభాజనాన్ని సరిగా అనుసరించకపోయినా, నమూనా తగినంత పెద్దదైతే సగటుల విభాజనం దానికి దగ్గరవుతుందని కేంద్ర అవధి సిద్ధాంతం చెబుతుంది. ఆ వక్రరేఖ కింద 95 శాతం వైశాల్యం −1.96, +1.96 మధ్య ఉంటుంది. మిగిలిన 5 శాతం రెండు కొసలలో, చెరి 2.5 శాతంగా ఉంటుంది. పట్టికలోని 1.96 వచ్చింది ఇక్కడి నుంచే. దానికి ఆవల ఉన్నది తిరస్కరణ ప్రాంతం. ఆ సరిహద్దే సందిగ్ధ విలువ.

సార్థకతా స్థాయిని 1 శాతంగా తీసుకొంటే సరిహద్దు 2.576కు జరుగుతుంది. 10 శాతమైతే 1.645కు దగ్గరవుతుంది. కనుక 1.96 ప్రకృతి నియమం కాదు. ఎంత తప్పును సహించగలమన్న మన నిర్ణయానికి అది గణిత రూపం.

మన ఉదాహరణలో జడ్ విలువ 1.80 సరిహద్దు దాటలేదు. దీనినే కిలోలలో చెప్పవచ్చు: 1.96ను 0.25తో హెచ్చిస్తే 0.49. శూన్య పరికల్పన నిజమైనప్పుడు 12.51 నుంచి 13.49 కిలోల మధ్య వచ్చే సగటు ఆశ్చర్యకరం కాదు. మన 13.45 ఆ పరిధికి 40 గ్రాములు లోపలే ఉన్నది. అందువలన 5 శాతం స్థాయిలో శూన్య పరికల్పనను తిరస్కరించలేము.

ఏకపార్శ్వమా, ద్విపార్శ్వమా?

ఇక్కడ విద్యార్థికి ఒక ప్రలోభం ఎదురవుతుంది. దిగుబడి పెరిగిందా అన్న ఒక్క దిశనే పరీక్షిస్తే, 5 శాతం మొత్తం కుడి కొసనే ఉంటుంది. అప్పుడు సందిగ్ధ విలువ 1.645, కిలోలలో సరిహద్దు 13.41. మన 13.45 దానిని దాటుతుంది. అదే పొలాలు, అదే ధాన్యం, అదే త్రాసు. కానీ తీర్పు మారిపోయింది!

అందుచేతనే దిశను దత్తాంశాలు చూడకముందే నిర్ణయించుకోవాలి. ఫలితం చూచిన తరువాత అనుకూలమైన కొసను ఎంచుకోవడం, పేరుకు 5 శాతం పరీక్ష చేస్తూ వాస్తవానికి 10 శాతం తప్పును అనుమతించడమే అవుతుంది. జీలుగను ఆలస్యంగా, కాండం పీచుబారిన తరువాత కలియదున్ని, కుళ్లడానికి వ్యవధి ఇవ్వకుండా నాట్లు వేస్తే పైరు తొలి దశలో దెబ్బతినవచ్చు. దిగుబడి తగ్గే అవకాశాన్ని ముందే త్రోసిపుచ్చలేము కనుక, ఇక్కడ ద్విపార్శ్వ పరీక్షే సమంజసం.

రెండు దోషాలు, ఇద్దరు రైతులు

ప్రయోజనం లేని పద్ధతిని ప్రయోజనకరమని ప్రకటించడం మొదటి రకం దోషం. దాని ధరను ఆ పద్ధతికి డబ్బు వెచ్చించిన రైతు చెల్లిస్తాడు. 5 శాతం స్థాయి అంటే, ఏ ప్రభావమూ లేని 20 ఉత్పత్తులను పరీక్షిస్తే సగటున ఒకటి "సార్థకం"గా కనిపిస్తుందని అర్థం. ఆ ఒక్క ఫలితాన్నే కరపత్రంలో ముద్రించి, తక్కిన 19 ఫలితాలను దాచిపెడితే, అందులోని అంకె నిజమైనా సందేశం అబద్ధమే. కనుక "సార్థకం" అన్న మాట విన్నప్పుడు, ఎన్ని ప్రయోగాలలో అని అడగడం విస్తరణ శాస్త్రవేత్త బాధ్యత.

నిజంగా మేలు చేసే పద్ధతిని గుర్తించలేకపోవడం రెండవ రకం దోషం. దీని ధరను, ఆ మేలు అందని రైతు తనకు తెలియకుండానే చెల్లిస్తాడు. జీలుగ వలన గడికి నిజంగా 500 గ్రాములు పెరుగుతున్నదనుకొందాం. 36 గడుల ప్రయోగంలో సరిహద్దు 13.49, నిజమైన సగటు 13.50. అనగా ఆ మేలును గుర్తించే అవకాశం సగం కంటే కొద్దిగా మాత్రమే ఎక్కువ. 100 గడులు తీసుకొంటే ప్రామాణిక దోషం 0.15కు, సరిహద్దు సుమారు 13.29కి తగ్గుతాయి. ఆ మేలును గుర్తించలేకపోయే అవకాశం 9 శాతం లోపునకు వస్తుంది. ప్రయోగం మొదలుపెట్టక ముందే చేసుకోవలసిన లెక్క ఇది. చిన్న నమూనాతో పరీక్షించి, "తేడా లేదు" అని వ్రాసి, ఒక మంచి పద్ధతిని పక్కన పెట్టిన సందర్భాలు మన ప్రదర్శనా క్షేత్రాల నివేదికలలో అరుదు కావు.

కొన్ని జాగ్రత్తలు

మొదటిది, జడ్ పరీక్షకు సమష్టి ప్రామాణిక విచలనం ముందే తెలిసి ఉండాలి. దానిని నమూనా నుంచే అంచనా వేసినప్పుడు టి-పరీక్ష వాడాలి. 5 శాతం ద్విపార్శ్వ పరీక్షకు 36 గడులతో సందిగ్ధ విలువ 2.03. 10 గడులతో 2.26. 5 గడులైతే 2.78. సాధారణ క్షేత్ర ప్రయోగాలలో నమూనాలు చిన్నవి కనుక ఈ భేదాన్ని విస్మరించరాదు.

రెండవది, 36 గడులు నిజంగా 36 స్వతంత్ర పరిశీలనలు కావాలి. ఒకే రైతు చేలో 36 గడులు కోస్తే, అవి ఒక రైతు యాజమాన్యాన్ని 36 సార్లు కొలిచినట్లే. అలాగే బోరు వసతి గల ఆదర్శ రైతుల పొలాలనే ఎంచుకొని, కాలువ చివరి భూములతో సహా లెక్కించిన సగటుతో పోలిస్తే, వచ్చిన తేడా జీలుగదో నీటిదో చెప్పలేము. ఎంపికలోని లోపాన్ని ఏ జడ్ విలువా సరిదిద్దలేదు.

మూడవది, సార్థకత వేరు, ప్రయోజనం వేరు. 3,600 గడులు కోస్తే ప్రామాణిక దోషం 25 గ్రాములే. అప్పుడు 50 గ్రాముల తేడాకు కూడా జడ్ విలువ 2 వచ్చి సార్థకమవుతుంది. కానీ అది ఎకరానికి 8 కిలోల ధాన్యం మాత్రమే. విత్తనం, దున్నకం ఖర్చులకు అది చాలదు.

నాల్గవది, 5 శాతం స్థాయిలో తిరస్కరించినప్పుడు "శూన్య పరికల్పన నిజమయ్యే సంభావ్యత 5 శాతం" అని వ్రాయరాదు. శూన్య పరికల్పన నిజమైతే, ఇంతటి తేడా లేదా ఇంతకు మించిన తేడా వచ్చే సంభావ్యత 5 శాతం లోపు అన్నదే సరియైన అర్థం.

నివేదికలో ఏమి వ్రాయాలి?

మన ఉదాహరణ ఫలితాన్ని "జీలుగ ప్రభావం సార్థకం కాదు" అని ఒక్క వాక్యంలో ముగించడం న్యాయం కాదు. తేడాకు ఇరువైపులా 1.96 ప్రామాణిక దోషాలు తీసుకొంటే 95 శాతం విశ్వాస అంతరం లభిస్తుంది. గడికి 40 గ్రాముల తగ్గుదల నుంచి 940 గ్రాముల పెరుగుదల వరకు, అనగా ఎకరానికి 6 కిలోల నష్టం నుంచి సుమారు 2 బస్తాల లాభం వరకు, ఈ దత్తాంశాలతో పొసగుతుంది. రైతుకు చెప్పదగిన మాట ఇది: "పెద్ద నష్టం కనిపించలేదు, లాభం ఉండే అవకాశం ఉన్నది, కానీ ఇంకా నిర్ధారణ కాలేదు." శాస్త్రవేత్త చేయవలసిన పని, మరిన్ని పొలాలలో మరొక ఋతువు పరిశీలించడం.

పట్టికలోని సందిగ్ధ విలువ మన తరఫున నిర్ణయం తీసుకోదు. మనం ముందుగా ఒప్పుకొన్న తప్పు పరిమితిని అది గుర్తుచేస్తుంది, అంతే. మౌఖిక పరీక్షలో 1.96 గురించి అడిగినప్పుడు, "నూటికి ఐదుసార్లు పొరబడటానికి నేను ముందే అంగీకరించిన సరిహద్దు అది, ఆ పొరపాటుకు మూల్యం ఎవరు చెల్లిస్తారో కూడా ఆలోచించాను" అని చెప్పగల విద్యార్థికి, ఈ పాఠం పూర్తిగా అందినట్లే.