ఆపదవేళ ముందు వచ్చు పోలీసులు: అపోహలు – వాస్తవాలు

ఓరుగల్లు సీమలో ఘనపురములు ఒకటి కంటె ఎక్కువ గలవు. కోటగుళ్ళతో ప్రసిద్ధమైన ములుగు ఘనపురము వేరు, రైలుబండి ఆగు ఘనపురము వేరు; పేరునకు ముందు చేరిన "స్టేషన్" అను మాటయే ఈ రెండవదానిని మొదటిదాని నుండి వేరుపరచుచున్నది. అయితే ఈ ఊరి బస్టాండులోనో, అంగడి నడుమనో ఒక మనిషి కుప్పకూలినప్పుడు, చుట్టుమూగిన వారిలో ఎవరో ఒకరు "మనకెందుకు, స్టేషన్ చుట్టు ఎవరు తిరుగుతరు?" అని వెనుకకు తగ్గుదురు. ఆ మాటలోని స్టేషను రైలు స్టేషను కాదు. దానిని గూర్చిన భయము మన పల్లెలలోను పట్టణములలోను తరతరములుగా వేరూనినది. ఆ భయము వలన జారిపోవు నిమిషములు పడియున్న వాని ఆయువు నుండియే తరుగుచున్నవి.

స్టేషన్ ఘన్‌పూర్ 2016 అక్టోబరులో జరిగిన జిల్లాల పునర్విభజనతో వరంగల్లు నుండి జనగామ జిల్లాలోనికి మారినను, రక్షకభటుల విషయమున నేటికిని వరంగల్ కమిషనరేటు పరిధిలోనిదే. హైదరాబాదు నుండి ఓరుగల్లు మీదుగా ములుగు, ఏటూరునాగారముల వైపు సాగు 163వ జాతీయ రహదారియు, సికింద్రాబాదు–కాజీపేట రైలుమార్గమును దీని చెంతనుండియే పోవుచున్నవి. రెండేండ్లకొకమారు మేడారము జాతర వచ్చినప్పుడు ఈ దారి వెంట వాహనములు బారులు తీరును. ఇట్టి చోట ఆపద ఎవనికి, ఏ క్షణమున సంభవించునో చెప్పలేము. అంబులెన్సు కంటె ముందు పోలీసు వాహనము వచ్చి ఆగినప్పుడు జనుల మనస్సులలో మెదలు సందేహములను ఒక్కొక్కటిగా విచారించుట ఈ వ్యాసము యొక్క ఉద్దేశము.

అపోహ: రోగి యొద్దకు పోలీసులు ముందు వచ్చిరనగా అచట ఏదో నేరము జరిగియే యుండును.

వాస్తవము: వారు ముందు వచ్చుటకు ప్రధాన కారణము నేరము కాదు, దూరము. అంబులెన్సు ఒక నియత స్థలమున నిలిచియుండును. అది ఒక రోగిని ఎక్కించుకొని వరంగల్లు మహాత్మాగాంధీ స్మారక వైద్యశాలకు, అనగా మనమందరము ఎం.జీ.ఎం. అని పిలుచు ఆసుపత్రికి, బయలుదేరినచో, అచట రోగిని అప్పగించి తిరిగి వచ్చునంతవరకు ఈ ప్రాంతమునకు మరియొక వాహనము దూరము నుండి రావలసి యుండును. పోలీసుల గస్తీ వాహనములును, బ్లూ కోల్ట్స్ అను మోటారు సైకిళ్ళును రేయింబవళ్ళు దారులపై తిరుగుచుండును గనుక, పిలుపు అందినప్పుడు వానిలో ఏదో ఒకటి సమీపముననే యుండుట తరచు సంభవించును. గుండె ఆగిన వానికి ఎవరును ఛాతీ నొక్కనిచో బ్రతుకు ఆశ నిమిషమునకు ఏడు నుండి పది శాతము చొప్పున తరుగుననియు, రక్తప్రసరణము నిలిచిన నాలుగైదు నిమిషములకే మెదడు దెబ్బతినసాగుననియు వైద్యులు చెప్పుచున్నారు. ఈ లెక్క తెలిసినవాడు దగ్గరనున్న వానిని ముందు పంపును గాని, ఆతని చొక్కా రంగును చూచి ఆపడు.

మరియొక కారణమును గలదు. రహదారిపై క్షతగాత్రుడు పడియున్నప్పుడు వెనుక వచ్చు లారీ అతనిని గాని, సాయపడువారిని గాని గుద్దకుండ వాహనములను మళ్ళింపవలెను; గుమిగూడిన జనమును తొలగించి అంబులెన్సునకు దారి చేయవలెను; స్పృహలేని అపరిచితుని సొమ్మును భద్రపరచి, అతని వారికి కబురు పంపవలెను. ఈ పనులలో ఏదియు వైద్యము కాదు; అయినను ఇవి లేక వైద్యము సాగదు.

అపోహ: 108కి ఫోను చేసిన అంబులెన్సు మాత్రమే, 100కి చేసిన పోలీసులు మాత్రమే వత్తురు.

వాస్తవము: 2005 ఆగస్టు 15న హైదరాబాదులో ఆరంభమైన 108 సేవ మొదటి నుండియు వైద్యము, పోలీసు, అగ్నిమాపకము అను మూడు విధములైన అత్యవసరములకును ఉద్దేశింపబడినదే. నేడు దేశమంతటికిని ఒక్కటిగా 112 అను సంఖ్యయు గలదు. కావున ఏ సంఖ్య స్ఫురించిన దానికే వెంటనే ఫోను చేయవలెను. సంఖ్య కంటె ముఖ్యమైనది చెప్పు విషయము: రహదారిపై నైనచో జనగామ వైపా, కాజీపేట వైపా, సమీపమున నున్న ఊరు, బంకు, వంతెన ఏది, పడినవాడు పలుకుచున్నాడా, ఊపిరి తీయుచున్నాడా. రైలులో నున్నవారు 139కి చెప్పినచో తదుపరి స్టేషనులో సహాయము సిద్ధమగుటకు వీలగును.

అపోహ: పోలీసులు వచ్చి పంచనామా వ్రాయువరకు మనిషిని కదల్పరాదు, కాగితము లేనిదే ఆసుపత్రి చేర్చుకొనదు.

వాస్తవము: ఇంతకంటె ప్రాణాంతకమైన అపోహ మరియొకటి లేదు. శవపంచనామా అనునది మృతులకు సంబంధించిన విచారణ. నేడది భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 194వ సెక్షను ననుసరించి జరుగును. ఊపిరి యున్నవానికి దానితో నిమిత్తము లేదు. పరమానంద్ కటారా వ్యాజ్యములో సుప్రీంకోర్టు 1989లోనే, గాయపడినవాడు నిరపరాధియైనను, అపరాధియైనను, అతని ప్రాణము నిలుపుట ప్రతి వైద్యుని ప్రథమ ధర్మమనియు, లాంఛనములు దానికి అడ్డు రాకూడదనియు స్పష్టముగా తీర్పు చెప్పినది. మోటారు వాహనముల చట్టపు 134వ సెక్షను కూడ క్షతగాత్రుని వైద్యశాలకు చేర్చు బాధ్యతను వాహనము నడపిన వానిపైనను, లాంఛనములకై వేచియుండక చికిత్స చేయు బాధ్యతను వైద్యునిపైనను ఉంచినది. ఆసుపత్రివారు పోలీసులకు తెలియజేయు "ఎం.ఎల్.సీ." అను నమోదు చికిత్సతో పాటుగనో, పిదపనో జరుగును గాని, చికిత్సకు ముందు షరతు కాదు.

పోలీసుల ధ్రువీకరణము బాధితునకు మేలు చేయు సందర్భమును కలదు. 2025 మే మాసమున కేంద్రము ప్రకటించిన నగదురహిత చికిత్సా పథకము ననుసరించి, రహదారి ప్రమాద బాధితునకు ప్రమాదము జరిగిన నాటినుండి ఏడు దినములలోపు లక్షా యాభైవేల రూపాయల వరకు చికిత్స లభించును. జరిగినది రహదారి ప్రమాదమేయని నిర్ధారించువారు పోలీసులే.

అపోహ: ఫోను చేసినవాడే సాక్షియగును; ఆసుపత్రికి చేర్చినవాడే బిల్లు కట్టవలెను.

వాస్తవము: ఒకానొక కాలమున ఈ భయమునకు ఆధారము లేకపోలేదు. రహదారిపై కరుణ చూపినవాడు పిదప కోర్టు మెట్లెక్కవలసి వచ్చిన కథలు ప్రతి ఊరిలోను వినవచ్చును. కాని 2016 మార్చి 30న సేవ్‌లైఫ్ ఫౌండేషన్ వ్యాజ్యములో సుప్రీంకోర్టు, సహాయకుల రక్షణకై కేంద్రము రూపొందించిన మార్గదర్శకములకు శాసనబలము కల్పించినది. 2019 నాటి సవరణతో మోటారు వాహనముల చట్టములో 134ఎ అను సెక్షను చేరినది. దీని ప్రకారము సద్బుద్ధితో సాయపడిన వానిపై ఆ బాధితుని గాయమునకు గాని, మరణమునకు గాని సివిలు బాధ్యతయు, క్రిమినలు బాధ్యతయు ఉండదు. తన పేరు, చిరునామా చెప్పుమని అతనిని పోలీసులు నిర్బంధింపరాదు. ఆసుపత్రివారు ఆపి ఉంచరాదు, చికిత్స సొమ్ము అడుగరాదు. సాక్ష్యము చెప్పుట అతని ఇచ్ఛ. చెప్పదలచినచో అతనికి అనుకూలమైన చోటనే విచారింపవలెను. చట్టము మారి ఏండ్లు గడచినను, చట్టము మారినదను వార్త మన ఊళ్ళ అరుగుల దాకా రాకపోవుటయే నా బాధ.

అపోహ: పోలీసు జీపు వచ్చినది గనుక మనిషిని అందులో వేసి పంపినచో పని ముగిసినట్లే.

వాస్తవము: పోలీసు జీపు అంబులెన్సు కాదు. 108 వాహనములో ప్రాణవాయువును, మెడపట్టియు, స్ట్రెచరును ఉండును. వాహనము నడపు పైలటుతో పాటు అత్యవసర చికిత్సలో శిక్షణ పొందిన ఈ.ఎం.టీ. వచ్చును. వెన్ను విరిగిన వానిని కాళ్ళు చేతులు పట్టి ఎత్తి వెనుక సీటులో కుక్కినచో, నడువగలిగియుండెడివాడు జన్మమంతయు మంచము పట్టవచ్చును. కావున నిప్పో, మరొక వాహనమో మీదికి వచ్చు ప్రమాదము లేనప్పుడు, అంబులెన్సు సమీపించుచున్నప్పుడు, మెడను కదలనీయక ఉన్నచోటనే ఉంచుట మేలు.

అట్లని పోలీసు వట్టి చూపరి కాదు. నెత్తురు కారుచోట శుభ్రమైన గుడ్డతో గట్టిగా అదిమి పట్టుటకు వైద్యశాస్త్రము చదువనక్కరలేదు. పలుకు లేక, ఊపిరి సరిగా లేక పడియున్నవాని ఛాతీ నడుమ రెండు అరచేతుల నొకదానిపై నొకటి ఉంచి, రెండంగుళముల లోతునకు, నిమిషమునకు నూరు నుండి నూటయిరువది మార్లు నొక్కుటయు ఎవరైనను నేర్వదగిన విద్యయే. 2023 ఫిబ్రవరిలో హైదరాబాదు ఆరాంఘర్ చౌరస్తాలో ఒక ట్రాఫిక్ కానిస్టేబులు ఈ విధముగనే, కుప్పకూలిన యువకుని ప్రాణము నిలిపినాడు. అమెరికాలోని రోచెస్టరు నగరమున 1990 నుండియే పోలీసు వాహనములలో గుండెకు విద్యుదాఘాతమిచ్చి తిరిగి కొట్టుకొనజేయు యంత్రములను ఉంచిరి. అచటి పాలకుల తలంపు సరళమైనది: ఎవరు ముందు చేరుదురో వారి చేతిలోనే ప్రాణరక్షణ సాధనము ఉండవలెనని.

అపోహ: అంగడిలో తూలి పడినవాడు తాగినవాడే, వానిని పోలీసులకు అప్పగించిన చాలును.

వాస్తవము: చక్కెరవ్యాధి గలవానికి రక్తములో చక్కెర పడిపోయినప్పుడు అతడు తూలును, మాట తడబడును, కోపగించుకొనును. పక్షవాతము వచ్చినవాని నోరు వంకరపోవును, చేయి జారిపోవును. మే నెల ఎండలో వడదెబ్బ తగిలినవాడు అసంబద్ధముగా పలుకును. వీరందరును చూపరుల కంటికి తాగుబోతులే. పోలీసు వచ్చినప్పుడు "తాగి పడ్డడు సార్" అని చెప్పుట కంటె, "ఇంతకు ముందు బాగనే నడిచె, ఒక్కసారి పడిపోయిండు" అని చూచినది చూచినట్లు చెప్పుట రోగికి నూరురెట్లు మేలు. మూర్ఛ వచ్చినవాని చేతిలో తాళముల గుత్తి ఉంచుట, నోటిలో చెంచా పెట్టుట మన వాడుక. తాళముల వలన ప్రయోజనము లేదు, చెంచా వలన పండ్లు విరుగును. చుట్టునున్న రాళ్ళను తొలగించి, కొట్టుకొనుట ఆగిన పిమ్మట ప్రక్కకు ఒత్తిగిల జేసినచో చాలును.

అపోహ: పురుగుల మందు తాగినవానిని ఆసుపత్రికి కొనిపోయిన పోలీసు కేసగును, ఇంటనే వాంతి చేయించుట మేలు.

వాస్తవము: పత్తిచేల నడుమ బ్రతుకు ఈ సీమలో ఈ దుఃఖము ఎరుగని ఊరు లేదు. ప్రాణము తీసికొనబోయినవాడు తీవ్రమైన మానసిక ఒత్తిడిలో నున్నట్లే భావింపవలెననియు, అతనిని విచారించి శిక్షింపరాదనియు 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టపు 115వ సెక్షను చెప్పుచున్నది. ఆసుపత్రికి వచ్చు పోలీసు వివరములు వ్రాసికొనుటకు వచ్చును గాని, సంకెళ్ళతో రాడు. ఉప్పునీళ్ళు త్రాపి వాంతి చేయించినచో ఆ విషము ఊపిరితిత్తులలో చేరవచ్చును. కావున ఏమియు త్రాపక, మందు డబ్బాను వెంట తీసికొని వైద్యశాలకు పరుగెత్తవలెను. మనస్సు క్రుంగినవారు ఆ దారి త్రొక్కకమునుపే ఉచితముగా మాటాడుటకు టెలి మానస్ 14416 గలదు.

ఇన్ని అపోహలకును మూలము ఒక్కటే: పోలీసు వచ్చుట ఆపదకు ఆరంభమని మనము తలచుచున్నాము. ఆపద అతనికంటె ముందే వచ్చియున్నది. అతనికంటె ముందే మనమును అచట నున్నాము. పిలుపునకు, రాకకు నడుమ నున్న ఆ కొలది నిమిషములు ఏ శాఖకును చెందవు. అవి బస్టాండులో బండి కొరకు వేచియున్నవానివి, మిర్చిబజ్జీలు వేయు అవ్వవి, ఆటో నడుపు తమ్మునివి. వారిలో ఒకరు ఫోను చేసి, ఒకరు పడినవాని ప్రక్కన కూర్చుండి, ఒకరు దారి మధ్యకు పోయి చేయి ఊపుచు నిలిచినచో, ముందు వచ్చునది ఖాకీ వాహనమైనను, తెల్లని వాహనమైనను, అది రావలసిన చోటికే వచ్చును.