వంతు వచ్చువరకు: వైద్య కళాశాలలలో ప్రవేశము

ద్రాక్షారామమున భీమేశ్వరాలయము చుట్టునుగల వీధులలో ఇంటర్మీడియట్ ముగించి వైద్య విద్యను కోరు బిడ్డ యున్న ప్రతి యింటను, నీట్ ఫలితములు వెలువడిన నాటినుండి ఒకే ప్రశ్న వినవచ్చును: “ర్యాంకు వచ్చినది సరే, సీటు వచ్చునా?” 2024లో దేశమంతట 23 లక్షలకు పైబడి పరీక్ష వ్రాయగా, ఎం.బి.బి.ఎస్. సీట్లు లక్షకు కొంచెము మించి యుండెను. కనుక ర్యాంకుతో పని ముగియదు. వంతు కొరకు నిరీక్షణ అప్పుడే మొదలగును. ఆ నిరీక్షణ నడచు తీరు తెలియక, రాదగిన సీటును పోగొట్టుకొనువారు కలరు. అందుచేత ఈ విషయమును కొంత వివరింపదలచితిమి.

ర్యాంకు ఒక్కటియే యైనను వరుసలు రెండు. ప్రభుత్వ కళాశాలల సీట్లలో నూటికి 15 అఖిల భారత కోటాకు చెందును. 1984లో ప్రదీప్ జైన్ వ్యాజ్యమున సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు దీనికి మూలము. వీనిని ఢిల్లీలోని వైద్య కౌన్సెలింగ్ కమిటీ పంచును. తక్కిన 85ను మన రాష్ట్రమున విజయవాడలోని ఎన్.టి.ఆర్. ఆరోగ్య విశ్వవిద్యాలయము పంచును. రెండింటికిని వేర్వేరుగా దరఖాస్తు చేసికొనవలెను. ఒకచోట పేరు నమోదైనంతమాత్రమున రెండవచోట నమోదు కాదు.

రాష్ట్ర వరుసలో స్థానికత ముఖ్యము. 371-డి అధికరణము ననుసరించి 1974లో వెలువడిన రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారము గోదావరి సీమ ఆంధ్ర విశ్వవిద్యాలయ ప్రాంతములోనిది. విశాఖపట్నమున 1923లోను, గుంటూరున 1946లోను, కాకినాడలో 1958లోను, రాజమహేంద్రవరమున 2023లోను నెలకొన్న ప్రభుత్వ వైద్య కళాశాలలన్నియు ఈ ప్రాంతములోనివే. అయితే స్థానికతను నిర్ణయించునది పుట్టిన ఊరు కాదు, చదివిన చోటు. అర్హత పరీక్షతో ముగియు నాలుగేండ్లు వరుసగా ఈ ప్రాంతమున చదివియుండుట ప్రధాన నియమము. తెలంగాణమునందును నాలుగేండ్ల నియమమే కలదు. దానిని సుప్రీంకోర్టు 2025లో సమర్థించినది. శిక్షణ బాగుండునని బిడ్డను రెండేండ్లు హైదరాబాదునకు పంపు తల్లిదండ్రులు ఈ సంగతి ముందుగనే యోచింపవలెను. అక్కడ స్థానికత రాకపోగా, ఇక్కడిదానికిని చిక్కు కలుగవచ్చును.

ఇక నిరీక్షణ మాట. గోదావరి కాలువల క్రింద సేద్యము చేయు మనకు ఇది బోధపడుట కష్టము కాదు. పై మడి తడిసినగాని నీరు దిగువ మడికి దిగదు. ఒక అమ్మాయికి మొదటి విడతలో దూరపు ప్రైవేటు కళాశాల వచ్చినదనుకొందము. కాకినాడలో సీటు పొందిన వేరొకరికి అఖిల భారత వరుసలో మంగళగిరి ఎయిమ్స్ లభించెను. ఆయన విడిచిన కాకినాడ సీటు రాజమహేంద్రవరపు విద్యార్థికి చేరును. రాజమహేంద్రవరపు సీటు మన అమ్మాయికి దిగివచ్చును. ఆమె పాత సీటు అంతటితో మరియొకరి దగును. దానిని తిరిగి కోరుటకు వీలులేదు.

దీనినిబట్టి కళాశాలల పేర్లను మనసులోని కోరిక వరుసనే వ్రాయవలెను. యంత్రము ర్యాంకుల క్రమమున ఒక్కొక్కరి జాబితాను పైనుండి చూచుకొనుచు వచ్చి, ఖాళీయున్న మొదటి సీటును ఇచ్చును. కాకినాడను మొదట వ్రాసి అది రాకపోయినచో, రెండవదాని హక్కు తగ్గదు. అది రాదేమో యని శంకించి, తప్పక వచ్చు కళాశాలను పైన వ్రాసితిమా, యంత్రము దానినే ఇచ్చి ఊరకుండును.  చేరుటకు ఇష్టములేని కళాశాల పేరును మాత్రము జాబితాలో వ్రాయనేరాదు.

విడుచు నియమములును తెలియవలెను. అఖిల భారత వరుసలో తొలి విడత సీటును విడిచినను నష్టము లేదు. రెండవ విడతలో విడిచినచో ధరావతు పోవును. చివరి విడతలో సీటు పొంది చేరనివారికి మరుసటి నీట్ వ్రాయు అర్హతయే పోవచ్చును. రాష్ట్ర వరుస నియమములు వేరు. ఒకదానిని మరియొకదానికి అన్వయించి మోసపోరాదు. ఏ యేటి నియమావళిని ఆ యేడు చదువవలెను.

ఇతర దేశముల పద్ధతులు భిన్నములు. అమెరికాలో సాధారణముగా పట్టము పుచ్చుకొన్న పిదపనే వైద్య విద్యకు దరఖాస్తు చేయుదురు. ప్రతి కళాశాలయు తానే ముఖాముఖి మాటలాడి, తన నిరీక్షణ జాబితాను తానే ఉంచుకొనును. బ్రిటనులో ఒక యేట నాలుగు వైద్య కళాశాలలకు మించి కోరరాదు. ఆ దేశములందు అభ్యర్థి మాటతీరును, అనుభవమును గణింతురు. మన కోటాలలో ర్యాంకును, వర్గమును, స్థానికతయునే చూతురు. కనుక “మాకు తెలిసినవారు కలరు, ఈ సీటు ఇప్పింతుము” అని గుమ్మమెక్కు మధ్యవర్తికి ఇక్కడ చేయదగిన పని యేదియు లేదు. వాని చేతిలో పోసిన సొమ్ము ర్యాంకును ఒక్క అంకెయైనను ముందునకు జరుపదు.

నిరీక్షణ దినములలో పెద్దలు చేయదగినవి రెండు. స్టడీ సర్టిఫికెట్లు, కుల ధ్రువీకరణములు ముందే సిద్ధపరచి, గడువు తేదీలను గోడమీది కేలండరులో గుర్తించుట మొదటిది. పొరుగింటి ర్యాంకుతో పోల్చి బిడ్డను నొప్పింపకుండుట రెండవది. రెండవది సులభముగా తోచును గాని, మొదటిదానికంటె కష్టము.