కారల్లము: గుర్తించుట, పెంచుట

బీడుభూముల రాళ్లసందులలోను, ముండ్లపొదల నీడను మొలచు కారల్లమును మన రైతులలో పలువురు చూచియు ఎరుగరు. దీనికే కుందేటికొమ్ములని మరియొక పేరు. 1795లో రాక్స్‌బర్గు దొర తన కోరమాండలు తీరపు మొక్కల గ్రంథమున దీనిని వర్ణించెను. 'కారల్లుమా' యను శాస్త్రనామము ఈ తెలుగు పేరునుండియే పుట్టినదందురు.

కాడ నాలుగు పలకలు గలిగి, కండపట్టి, పైకి పోనుపోను సన్నబడును. ముండ్లుండవు. ఆకులు మిక్కిలి చిన్నవై త్వరలో రాలును. కాయలు కొమ్ములవలె జంటగా నిలుచును. జెముడును తుంచినచో పాలు కారును. దీనినుండి నీరువంటి రసమే వచ్చును. జెముడుపాలు కంటికి హాని గనుక తుంచి చూచునపుడు దూరముగా పట్టవలెను.

పెంచుటకు కొమ్మను కోసి, గాయము ఎండువరకు వారము దినములు నీడనుంచుడు. అడుగున రంధ్రముగల కుండలో సగము ముతక ఇసుక కలిపిన మన్ను నింపి నాటుడు. మన్ను బాగుగా ఎండిన పిమ్మటనే నీరు పోయుడు. మేము జాలిపడి నిత్యము నీరు పోసిన మొక్క మొదలు కుళ్లి చచ్చినది.

దీని సారము నేడు బరువు తగ్గించు మాత్రలలో చేరుచున్నది. కొనువారు వచ్చిరని వేరుతో పెకలింపకుడు. కొమ్మను తీసి మొదలును విడిచినచో మరల చిగుర్చును; పెకలించినచో ఆ గట్టున మరి కానరాదు.