తెరమీది ఆటలలో వికలాంగులకు చోటు

నార్వే దేశమునకు చెందిన మాట్స్ స్టీన్ అను యువకుడు 2014 నవంబరులో, 25వ యేట మరణించెను. కండరములను క్రమముగా క్షీణింపజేయు డుషెన్ వ్యాధి వలన అతడు చిన్నతనము నుండియు చక్రముల కుర్చీలోనే ఉండవలసి వచ్చినది. దినములో అధికభాగము కంప్యూటరు ఎదుట గడపెడివాడు. స్నేహమన నెట్టిదో ఎరుగకయే కుమారుడు వెడలిపోయెనని తలిదండ్రులు కుమిలిపోయిరి. అతడు వ్రాయుచుండిన బ్లాగులో వారు మరణవార్త ప్రకటింపగా, ఐరోపాలోని పలు తావుల నుండి సంతాప సందేశములు రాసాగినవి. అవి 'వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్' అను ఆటలో అతనితో కలిసి ఆడిన మిత్రులు వ్రాసినవి. వారి కతడు 'ఇబెలిన్'. తన వ్యాధి సంగతి అతడు చాలకాలము వారికి తెలుపలేదు. 2024లో అతని జీవితమును గూర్చి ఒక డాక్యుమెంటరీ చిత్రము వెలువడినది.

రేడియో శ్రోతలకు ఈ చెలిమి వింతగా తోపదు. మా ముఖములు మీకు కనబడవు. మాటను బట్టియే మీరు మమ్ము ఎరుగుదురు. ఇంటర్నెట్ ఆటలలోను అంతే. ఎవరి యింట వారు కూర్చుండి, ఒకే రంగమున కలిసి ఆడుదురు. అచ్చట మనిషిని గుర్తించునది అతని ఆట, అతని మాట. అయితే ఆ రంగములోనికి ప్రవేశించుటకే చేయి, చెవి, కన్ను చక్కగా పనిచేయవలెనన్నచో, ఎందరో గుమ్మము కడనే నిలిచిపోవుదురు.

ఒంటరిగా ఆడు ఆటలో ఈ చిక్కు కొంత తేలిక. ఆటగాని శక్తిని బట్టి ఆట వేగమును తగ్గింపవచ్చును; కష్టమైన ఘట్టమును దాటవేయవచ్చును. పలువురు కలిసి ఆడునపుడు ఒకరి కొరకు వేగము తగ్గించిన అందరికిని తగ్గును. కావున ఇచ్చట చేయదగినది ఆట నియమములను మార్చుట కాదు. ఆటను అందుకొను మార్గమును మార్చుట.

చేతి సంగతి చూతము. సాధారణ కంట్రోలరును రెండు చేతులతో పట్టుకొని, పలు వ్రేళ్లతో మీటవలెను. 2018 సెప్టెంబరులో మైక్రోసాఫ్ట్ సంస్థ 'ఎక్స్‌బాక్స్ అడాప్టివ్ కంట్రోలర్' అను పరికరమును విడుదల చేసినది. దానిపై రెండు పెద్ద మీటలు, వెనుక వైపున 19 రంధ్రములు కలవు. ఒక్కొక్క రంధ్రమునకు ఒక్కొక్క స్విచ్చిని తగిలించి పాదముతోనో, మోచేతితోనో, గడ్డముతోనో నొక్కవచ్చును. ప్రతి స్విచ్చియు సాధారణ కంట్రోలరులోని ఒక మీటకు బదులుగా పనిచేయును. 2023 డిసెంబరులో సోనీ సంస్థయు ఇట్టి ప్రయోజనమునకే 'యాక్సెస్' కంట్రోలరును తెచ్చినది.

'ఫోర్ట్‌నైట్' ఆటలో అడుగుల సవ్వడి, తుపాకి మ్రోత ఏ దిక్కున నున్నవో తెర నడుమ గుర్తులుగా చూపు ఏర్పాటు కలదు. వినికిడి లేనివాడు వానిని చూచి జాగ్రత్తపడును. 2023లో వచ్చిన 'స్ట్రీట్ ఫైటర్ 6' ఇందుకు మారుగా, ప్రత్యర్థి ఎంత దూరమున నున్నాడో, దెబ్బ ఎచ్చట తగిలినదో ధ్వనులచే తెలుపును. చూపు లేని ఆటగాండ్రు దానితో పోటీలలో చూపున్నవారిని ఎదుర్కొనుచున్నారు.

సంభాషణకు చట్టము కూడ తోడ్పడినది. అమెరికాలో 2010లో చేసిన ఒక చట్టము, సమాచార సాధనములు వికలాంగులకు వీలుగా ఉండవలెనని విధించినది. వీడియో ఆటలకు ఇచ్చిన మినహాయింపు 2018 డిసెంబరు 31తో ముగిసినది. పలికిన మాటను అక్షరములుగా చూపుట, వ్రాసిన దానిని చదివి వినిపించుట అటుపిమ్మట పెక్కు ఆటలలో కనవచ్చినవి.

ఇది ఇతరులకు అన్యాయము కాదా యని కొందరడుగుదురు. ఫోర్ట్‌నైట్‌లోని గుర్తులను చక్కగా వినగలవారును వాడుకొనుచున్నారన్నది నిజమే. దానికి మార్గము ఆ సౌకర్యమును తొలగించుట కాదు. అందరికిని అందుబాటున నుంచుట. ఆటగానికి బదులు తానే గురిచూచి కాల్చు పరికరము మోసమే. ఆటగాని నిర్ణయమును తెరకు చేర్చు పరికరము మోసము కాదు. ఈ రెంటిని వేరుపరుప కున్నచో నష్టపోవునది వికలాంగుడే. 2023 నవంబరులో మైక్రోసాఫ్ట్ సంస్థ తన అనుమతి లేని ఉపకరణములను ఎక్స్‌బాక్స్‌లో పనిచేయకుండ నిలుపగా, తమకు అమరిన పరికరములు వ్యర్థమగునని వికలాంగులైన ఆటగాండ్రు ఆందోళన వెలిబుచ్చిరి. మోసగాండ్రకు వేయు తాళము వీరి గుమ్మమునకును పడరాదు.

మన యిండ్లలోని పిల్లలును ఇట్టి ఆటలు ఆడుచున్నారు. ఆట సెట్టింగులలో 'యాక్సెసిబిలిటీ' అను విభాగమున్నచో, పెద్దలు వారితో కూర్చుండి ఒకసారి తెరచి చూడవలెను. అక్షరముల పరిమాణము పెంచుట తాతగారికిని పనికివచ్చును. వేరొక మాటయు వారికి చెప్పవలెను: తోటి ఆటగాడు మైకులో బదులు పలుకకున్నను, ఆలస్యముగా వ్రాసినను, వానిని వెంటనే జట్టు నుండి తొలగింపరాదు. అతడు మాటాడలేనివాడు కావచ్చును. ఒక్క వ్రేలితో అక్షరము వెంట అక్షరము కూర్చుచు ఉండవచ్చును. క్షణకాలము వేచియున్నచో అతని మాట అందును.